నా ముఖం తర్వాతి ముఖం

యంత్రం తప్పు చెబుతోందని తొమ్మిది రోజులు నమ్మాను. క్రిమినాలజీ ఎం.ఏ. రెండో ఏడాదికొచ్చినదాన్ని, ప్రతి మాటనీ అనుమానించాలని పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసి మార్కులు కొట్టేసినదాన్ని. తీరా అవసరం వచ్చేసరికి అనుమానించాల్సిన మాటని పక్కనపెట్టి ఆ యంత్రం వైర్లు పీకుతూ కూర్చున్నాను.

దానికి మూడు లైన్ల పొడుగు పేరొకటి ఉంది. మేం మాత్రం పొరల పెట్టె అనేవాళ్ళం. తయారుచేసింది మెదడు పరిశోధన విభాగం వాళ్ళు. నడిపేది నఫీసా అక్క, అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. కోర్టు సాక్షుల విషయంలో ఆ పెట్టె ఎప్పటికైనా పనికొస్తుందా అని తేల్చడం నా థీసిస్. అందులో మొట్టమొదట కూర్చున్న మనిషి మా అమ్మ రాహేలు. పొద్దున్నే వచ్చి రెండు గంటలు కదలకుండా కూర్చోమంటే ఇంకెవరొస్తారు?

"కదలకూడదంటున్నారు బానే ఉంది. తుమ్మొస్తేనో?" అంది అమ్మ వైర్ల టోపీ కిందనుంచి.

"తుమ్మెయ్యండి ఆంటీ. మళ్ళీ మొదట్నించీ మొదలెడదాం" అంది నఫీసా అక్క.

"అమ్మో, అయితే ఆపుకుంటాలే తల్లీ."

తెర మీద ఒక్కో ముఖం అరసెకను మెరిసి పోతుంది. ఆ అరసెకనులో అమ్మ మెదడు ఉలిక్కిపడిన తీరుని పెట్టె పట్టుకుంటుంది. మనం ఒక ముఖాన్ని మొదటిసారి చూసినప్పుడు, అది ఆ రోజుల్లో చూసిన మిగతా ముఖాల పక్కన ఒక పొరగా పడుతుందట. తర్వాత వెయ్యిసార్లు చూసినా ఆ మొదటి పొర చోటు మారదు. పెట్టె తేదీ చెప్పలేదు. తేదీ తెలిసిన ముఖాల మధ్య పెడితే, ఫలానా ముఖం తర్వాత చూసింది, ఫలానా ముఖానికి ముందు చూసింది అని వరస మాత్రం చెబుతుంది.

అందుకని అమ్మ జీవితంలోంచి నలభై ముఖాలు ఏరాను. ఒక్కోదానికీ తిరుగులేని తేదీ ఉండాలి. ఒకటో తరగతి టీచరమ్మ, పెళ్ళిచూపులనాటి నాన్న, కుట్టుమిషను అమ్మిన షాపతను, ఇలా. ఇరవై రెండోది నేను, జూన్ పదిహేడున పుట్టినరోజునే తీసిన ఫొటో. ఇరవై మూడోది ఆసుపత్రిలో అమ్మ పక్క మంచానికి ఇరవయ్యో తేదీన వచ్చిన లక్ష్మీకాంతం పిన్ని, ఆవిడతో స్నేహం ఇప్పటికీ ఉంది.

ఇరవై ఒకటోది నూకరాజు. మా మేనమామ సమూయేలుని పొడిచి చంపినవాడు.

నేను పుట్టడానికి మూడు రోజుల ముందు, జూన్ పద్నాలుగు ఉదయం, కాకినాడ రేవులో ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ ఘోరం జరిగింది. నిండు చూలాలైన అమ్మ తమ్ముడికి టిఫిను క్యారియరు పట్టుకెళ్ళి, వానలో, కళ్ళారా చూసింది. ఆమె సాక్ష్యంతోనే నూకరాజుకి యావజ్జీవం పడింది. మా ఇంట్లో పెళ్ళిరోజు తేదీలూ, నా స్కూలు తేదీలూ ఎవరికీ గుర్తుండవు గానీ ఆ తేదీ అందరికీ గుర్తే. కోర్టులో రుజువైన తేదీ. అంతకంటే గట్టి తేదీ ఎక్కడ దొరుకుతుందని మురిసిపోయి మరీ ఆ ఫొటో పెట్టాను. అమ్మ దాచుకున్న పాత పేపరు కటింగులోంచి.

నలభైలో ముప్పై తొమ్మిది వరసలో పడ్డాయి. ఒక్కటి పడలేదు.

*

"మళ్ళీ ఇరవై ఒకటే" అంది నఫీసా అక్క, తొమ్మిదో రోజున. "నీ ముఖం తర్వాత వచ్చి కూర్చుంటోంది. లక్ష్మీకాంతం గారికి ముందు. ఎన్నిసార్లు లెక్క తిప్పినా అక్కడే."

"ఫొటో పాడైందేమో. పేపరు కటింగు కదా."

"పాడైతే అసలు గుర్తే పట్టరు. ఇక్కడ చూడు, గీత ఎంత ఎత్తుకి లేచిందో. నీ ఫొటోకి కూడా అంత లేవలేదు." తను గొంతు తగ్గించింది. "ఎస్తేరూ, నా పెట్టెని తొమ్మిది రోజులుగా తిడుతున్నావ్. పెట్టెలో తప్పు లేదు. నీ తేదీలో ఉంది."

నాకు ఒళ్ళు మండింది. "అది కోర్టు తేదీ అక్కా! హైకోర్టు కూడా ఖాయం చేసింది!"

"నేను కోర్టుని ఏమనట్లేదు. మీ అమ్మగారు ఆ ముఖాన్ని మొదటిసారి ఎప్పుడు చూశారో చెబుతున్నానంతే. జూన్ పదిహేడు తర్వాత, ఇరవైకి ముందు. కావాలంటే దాన్ని తీసేసి ముప్పై తొమ్మిదితోనే థీసిస్ రాసేసుకో. ఎవరూ అడగరు."

ఎవరూ అడగరు అన్న మాట దగ్గర నా కోపం చల్లారిపోయింది. ఆ స్థానంలో భయం వచ్చింది. క్లాసులో నేను బాగా చదివిన పాఠం ఒక్కసారిగా గుర్తొచ్చింది. గుర్తింపు పెరేడ్. నిందితుణ్ణి అదే పోలికలున్న మరికొందరితో కలిపి జైల్లో వరసగా నిలబెట్టి, మెజిస్ట్రేటు ఎదుట సాక్షిని గుర్తుపట్టమంటారు. దానికి ముందు ఆ మనిషిని గానీ, ఫొటోని గానీ సాక్షికి చూపించకూడదు. చూపిస్తే, సాక్షి గుర్తుపట్టేది నేరం చేసినవాణ్ణి కాదు, చూపించినవాణ్ణి. ఆ పేపరులో నాకు క్లాసు మొత్తానికి ఎక్కువ మార్కులొచ్చాయి.

అమ్మ పాల్గొన్న పెరేడ్ జూలై రెండున జరిగింది. పెట్టె అంతకంటే ముందే అంటోంది. నన్ను కన్నాక మూడు రోజులు అమ్మ ఆసుపత్రి మంచం దిగనే లేదు. అక్కడికి ఆ ముఖం ఎలా వచ్చింది?

*

మా ఇల్లు జగన్నాథపురంలో. ముందుగదే అమ్మ టైలరింగ్ షాపు. నాన్న రేవులో ఓడల్ని లాగే టగ్గు నడిపే సరంగు, నెలలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. నేను వెళ్ళేసరికి అమ్మ జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. మిషను మీద ఒక కవరుంది, తెరిచి.

"ప్రొబేషన్ ఆఫీసరు గురువారం వస్తాడంట" అంది తలెత్తకుండా. "వాడి ముందస్తు విడుదలకి మళ్ళీ పెట్టారు. మన అభిప్రాయం రాసివ్వాలంట. ఏం రాస్తాను? మూడుసార్లు ఏం రాశానో అదే. అభ్యంతరం ఉంది."

మూడుసార్లూ అమ్మ ఆ రెండు మాటలు రాసింది, మూడుసార్లూ నూకరాజు లోపలే ఉండిపోయాడు. నాకెన్నేళ్ళో వాడి జైలుకీ అన్నేళ్ళు. ఇరవై రెండు.

అమ్మకి తన చూపంటే గర్వం. మనిషిని ఒక్కసారి కొలిస్తే మళ్ళీ టేపు తీయదు. ప్రతి ఏడూ జూన్ పద్నాలుగుకి దగ్గర్లో వచ్చే ఆదివారం ప్రార్థన మందిరంలో లేచి నిలబడి చెప్పేది, అంత వానలోనూ దేవుడు తన కళ్ళకి ఆ ముఖాన్ని ఎలా చూపించాడో. అవే మాటలు, అవే ఆపుళ్ళు. చిన్నప్పుడు నాకది కంఠతా వచ్చేది. తమ్ముణ్ణి కాపాడుకోలేకపోయిన మనిషికి ఆ సాక్ష్యం ఒక్కటే ఊతమని నాకు తెలుసు. ఆ ఊతాన్నే నేను లాగబోతున్నాను.

"అమ్మా, నేను పుట్టినప్పుడు ఆసుపత్రికి ఎవరెవరొచ్చారు?"

"ఎవరొస్తారే? మీ మామయ్య సమాధి చేసి మూడ్రోజులు కాలేదు. అందరూ ఏడుపుల్లో ఉన్నారు. సత్యానందం బాబాయి వచ్చాడు పాపం. ఆయన గుణం దొడ్డది."

సత్యానందం తాతయ్య మా మందిరం మనిషే. హెడ్ కానిస్టేబులుగా చేసేవాడు. నాలుగేళ్ళ కింద చనిపోయాడు.

"ఎందుకొచ్చాడు?"

"ఫ్లాస్కులో పాలు తెచ్చాడు. నిన్నెత్తుకున్నాడు. తర్వాత ఫొటో చూపించాడు."

"ఏ ఫొటో?"

"వాడిదే. పట్టుకున్నారంట అప్పటికి." అమ్మ పళ్ళతో దారం తెంపింది. "'బాలింతవి, రేపు జైలు దగ్గర ఎండలో నిలబెట్టి పది మందిలో వెతకమంటారు. కళ్ళు తిరిగి పడిపోతావ్. ముందే ఓసారి చూసుకుంటే పని తొందరగా అయిపోద్ది' అన్నాడు. ఎంత ఆలోచన చూడు. కన్న తండ్రి కూడా అంత చూడడు."

"చూసి ఏమన్నావ్?"

"వీడే అన్నాను."

"అప్పటికే తెలుసా వాడి ముఖం? ఫొటో చూడకముందు?"

హుక్కు కుడుతున్న చెయ్యి ఆగింది. "అదేం ప్రశ్నే? చూశాను కదా గేటు దగ్గర."

సత్యానందం తాతయ్య మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. లంచం తినలేదు, కొట్టలేదు, బెదిరించలేదు. పచ్చి బాలింత మీద జాలిపడ్డాడు. ఆ జాలి ఒక మనిషి మీద ఇరవై రెండేళ్ళుగా కూర్చునుంది.

*

ఉమాశంకరం సార్ నా గైడు. పదేళ్ళు పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేసి, విసుగెత్తి, పాఠాలు చెప్పడానికొచ్చిన మనిషి. అంతా విని కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు.

"ఆ కేసులో ఇంకేం సాక్ష్యం ఉంది?"

"ముందురోజు ఐసు దిమ్మల దగ్గర ఇద్దరూ గొడవపడ్డారట. తర్వాత ఒక కత్తి దొరికింది. ఆ పంచనామా మీద సంతకం పెట్టిన ఇద్దరూ స్టేషన్ ఎదురుగా టీ కొట్టు వాళ్ళే. తీర్పు చదివాను సార్. అమ్మ మాట తీసేస్తే ఏమీ మిగలదు."

"నీ పెట్టెని ఏ కోర్టూ నమ్మదు, తెలుసు కదా. ఒక మనిషి, ఒక పరీక్ష. నేనే నమ్మను."

"మరయితే..."

"పెట్టె అక్కర్లేదమ్మా. మీ అమ్మగారు ఆ ఫొటో సంగతి తన నోటితో చెబితే చాలు, ఆ గుర్తింపు కూలిపోతుంది. కేసు మళ్ళీ తెరవమని అడగొచ్చు." ఆయన కిటికీ వైపు చూశారు. "కానీ ఆవిడే చెప్పాలి. నువ్వు కాదు. నీ అనుమతి ఫారం నువ్వే రాశావ్, చదువుకో. పాల్గొన్నవారి అనుమతి లేకుండా వారి ఫలితం ఈ గది దాటదు."

"చెబితే అమ్మకేమవుతుంది సార్?"

"తప్పుడు సాక్ష్యమని ఎవరైనా పట్టుకుంటే తిప్పలే. తెలిసి చెప్పింది కాదు గనక నిలబడకపోవచ్చు. పోవచ్చు అంటున్నాను, పోదు అనట్లేదు."

ఆ రోజు సోమవారం. గురువారానికి మూడు రోజులుంది. చెప్పకపోతే అమ్మ అభ్యంతరం ఉందని రాస్తుంది, నూకరాజు నాలుగోసారి లోపలే ఉంటాడు, నా థీసిస్ ముప్పై తొమ్మిది ముఖాలతో చక్కగా పూర్తవుతుంది. బస్సులో ఇంటికెళ్తూ ఇదంతా ఎంత సులువో ఆలోచించాను. సులువుగా ఉన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

*

మంగళవారం మధ్యాహ్నం చెప్పాను. షాపు తలుపు దగ్గరకి వేసి, అమ్మ ఎదురుగా కూర్చుని, వరస గీసిన కాగితం చూపించి. ఇరవై రెండు, నా ముఖం. దాని తర్వాత వాడు. వాడి తర్వాత లక్ష్మీకాంతం పిన్ని.

అమ్మ కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"అంటే దేవుడి ఎదుట ప్రమాణం చేసి అబద్ధం చెప్పానంటావ్."

"లేదమ్మా. నువ్వు నిజమనుకునే చెప్పావ్. వానలో, అంత దూరం నుంచి నువ్వు చూసింది మనిషిని. ముఖం కాదు. ముఖం తర్వాత వచ్చి అందులో చేరింది."

"నేను చూశాను!" అమ్మ కత్తెర బల్ల మీద విసిరికొట్టింది. "నా తమ్ముడి కడుపులో కత్తి దిగడం చూశానే నేను! నీ పెట్టె చూసిందా? నీ సారు చూశాడా? చదివించినందుకు బాగా బుద్ధి చెప్పావే తల్లికి!"

"అమ్మా, నేను..."

"లే ముందు. నా కళ్ళ ముందు ఉండకు."

లేచి వెళ్ళిపోయాను. మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. లోపల మిషను చప్పుడు ఆగి ఆగి వినిపించింది, ఎప్పుడూ లేనిది కుట్లు విప్పుతున్న చప్పుడు కూడా.

*

బుధవారం పది గంటలకి ల్యాబు తలుపు తట్టింది అమ్మ. ఒక్కతే వచ్చింది. చేతిలో గుడ్డసంచి. నాతో మాట్లాడకుండా నేరుగా నఫీసా అక్క దగ్గరకెళ్ళింది.

"మళ్ళీ పెట్టు తల్లీ. ఈసారి ఫొటోలు నేను తెచ్చినవి పెట్టు. దీన్ని బయటికి పంపు. తేదీలు నీకే చెబుతాను."

సంచిలోంచి ఫొటోలు తీసింది. ఎవరెవరివో, నేనెప్పుడూ చూడనివి. బడి స్నేహితురాళ్ళు, ఏవో పెళ్ళిళ్ళలో కలిసినవాళ్ళు. అన్నిటికీ అడుగున నా పుట్టినరోజు ఫొటో, నూకరాజు కటింగు. నఫీసా అక్క నా వైపు చూసింది. నేను బయటికెళ్ళి వరండాలో నిలబడ్డాను.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. నఫీసా అక్క ముఖం చూడగానే తెలిసిపోయింది. లోపల అమ్మ ఇంకా టోపీ తీయకుండా కుర్చీలోనే ఉంది. తెర మీద వరస అలాగే ఉంది. నా పురిటి ఫొటో, ఆ తర్వాత వాడు.

"ఇరవై ఆరు ముఖాలు నాకు నచ్చినట్టు కలిపేశాను" అంది అమ్మ మెల్లగా. "అన్నీ సరిగ్గా చెప్పింది. నేను మర్చిపోయినవి కూడా."

నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకోవాలా వద్దా తెలియలేదు.

"కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ వాడే పొడుస్తున్నాడే ఎస్తేరూ. వాన పడుతోంది. వాడు ఇటు తిరుగుతాడు. ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. ఈ పెట్టె దాన్ని తీసెయ్యగలదా?"

"తీయలేదమ్మా. ఎప్పుడు చేరిందో మాత్రమే చెబుతుంది."

"మరయితే వాడు కాకపోతే ఎవరే?"

ఆ జవాబు ఇరవై రెండేళ్ళ తర్వాత ఎవరి దగ్గరా ఉండదు. అమ్మకి ఉన్న ఒక్క జవాబునీ నేను తీసేసుకున్నాను, బదులుగా ఇవ్వడానికి నా చేతిలో ఏమీ లేదు. మామయ్య చచ్చిపోయిన రోజు కంటే ఆ రోజే అమ్మ ఎక్కువ ఏడ్చిందనుకుంటాను.

"నేను అబద్ధం చెప్పలేదు కదా?" అంది చివరికి.

"చెప్పలేదమ్మా."

"ఆ తేడా జైల్లో ఉన్నోడికేం తెలుస్తుంది?" అని టోపీ తనే తీసి పక్కన పెట్టింది.

ఇంటికి వెళ్ళే దారిలో రేపు ఏం రాస్తావని అడగడానికి నోటిదాకా వచ్చి ఎన్నిసార్లు మింగానో.

*

గురువారం పదకొండుకి ప్రొబేషన్ ఆఫీసరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. నీళ్ళు తాగి, ఫైలు తెరిచి, అమ్మ కుట్టు బల్ల మీదే కాగితం పరిచాడు. దానికింద పాత కాగితాలు మూడు కనిపిస్తున్నాయి. మూడింటి మీదా అమ్మ గుండ్రటి అక్షరాలు.

"మీకు ఎక్కువ శ్రమ ఇవ్వనండి రాహేలు గారూ. పాతదే కదా. ఇక్కడ అభ్యంతరం ఉందని రాసి సంతకం పెట్టేస్తే చాలు."

ఆ మాటకి నాకు సత్యానందం తాతయ్య గుర్తొచ్చాడు. ఈయనా మంచివాడే. ఈయనా మా పని తేలిక చెయ్యడానికే చూస్తున్నాడు.

"వాడికి... ఆయనకి ఎవరున్నారండీ?" అని అడిగింది అమ్మ. ఇన్నేళ్ళలో అమ్మ నోట నూకరాజు గురించి ఆ 'ఆయన' అన్న మాట వినడం అదే మొదలు.

ఆఫీసరు ఫైలు తిప్పాడు. "తల్లి ఉండేదండి, తునిలో. పోయినేడు పోయింది. ఒక కూతురుంది. అరెస్టయినప్పుడు ఆ పిల్లకి రెండేళ్ళు."

అమ్మ తల ఊపింది. పెన్ను తీసుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది, ఏం కనిపించిందో నాకు తెలుసు. కళ్ళు తెరిచి నన్ను చూసింది, కొత్తమనిషి కొలత తీసుకునేటప్పుడు చూసినట్టు, తీరిగ్గా, పైనుంచి కిందికి. తర్వాత రాయడం మొదలుపెట్టింది. రెండు మాటలతో ఆగలేదు. గడి నిండిపోతే కిందకి దిగింది, కాగితం అంచుదాకా వెళ్ళింది. సత్యానందం బాబాయి పేరు రాసింది, ఫ్లాస్కు రాసింది, ఫొటో రాసింది. నా పుట్టినరోజు తేదీ రాసి దాని కింద గీత గీసింది.

ఆఫీసరు కాగితం తిప్పుకుని చదివాడు. సగం దాకా చదివి తలెత్తాడు. ముఖంలో రంగు మారింది.

"అమ్మా, ఇది అభిప్రాయం కాదండి. దీన్ని వాంగ్మూలం అంటారు. ఇది నేను పైకి పంపితే మిమ్మల్ని మళ్ళీ కోర్టుకి పిలుస్తారు. మీరు కావాలంటే ఇంకో ఫారం ఇస్తాను. చించేద్దాం."

"వద్దు బాబూ" అంది అమ్మ. చివరి వాక్యం మీద వేలు పెట్టి, మందిరంలో చదివినట్టు పైకి చదివింది. "నా కూతురి ముఖం చూశాకే నేను ఆయన ముఖం చూశాను."

సంతకం పెట్టి పెన్ను అతనికిచ్చింది.